బ్రేకు మీద చుక్క నూనె

మా అన్నయ్యకు ఏదైనా సంగతి చెప్పాలంటే ముందు గదిలో ఫ్యాను ఆపాలి. లేకపోతే మన మాట వినడు, ఫ్యానును వింటాడు. మనం ఎంతో బాధపడుతూ ఏదో చెబుతూ ఉంటాం. తనేమో తల ఓ పక్కకు వాల్చి, కళ్ళు సగం మూసి, వేలెత్తి "ష్ష్" అంటాడు. "విన్నావా? టిక్కు టిక్కుమంటోంది. బేరింగు ఎండిపోయిందే!" అని కుర్చీ ఎక్కేస్తాడు. చొక్కా జేబులోంచి పొడుగు ముక్కున్న చిన్న నూనె డబ్బా తీస్తాడు. మన బాధ అలా గాలిలో వేలాడుతూ ఉండిపోతుంది. నేను బడిలో గదినిండా పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన టీచర్ని. మా అన్నయ్య ఒక్కణ్ణి మాత్రం రిటైరైన ఇన్నాళ్ళకు కూడా కూర్చోబెట్టలేకపోతున్నాను.

అన్నయ్య కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇంటి కింది భాగంలో ముందుగది తన దుకాణం. పై వాటాలో అన్నయ్యా వదినా ఉంటారు, పక్క వాటాలో నేను. వీధిలో అన్నయ్య అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ 'చుక్క' గారే. ఏ మిషన్ తెచ్చినా, "అమ్మా, ఇది అరుస్తోందంటే దాహం వేస్తోందన్నమాట. ఒక్క చుక్క పొయ్యాలి" అంటాడు కదా, ఆ పేరు అలా అంటుకుపోయింది. పోనీ మిషన్లతో ఆగుతాడా? తాళాలు, తలుపులు, కత్తెర్లు, గొడుగులు, పక్కింటివాళ్ళ ఊయల గొలుసు, నా కళ్ళజోడు కాడలు. బడిలో నాకు వీడ్కోలప్పుడు ఇచ్చిన గోడగడియారం కొంచెం గట్టిగా కొట్టుకుంటోందని దానికీ పోశాడు. ఆ రోజు నుంచి అది మాట్లాడటం మానేసింది. అడిగితే, "చూశావా, ఇప్పుడెంత హాయిగా ఉందో!" అన్నాడు. ఇలాంటి మనిషితో ఎలా వేగాలో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు నాకు.

వదిన వేగింది. వదిన ఆరోగ్య కేంద్రంలో నర్సు. మాట తక్కువ మనిషి. మా ఇంట్లో మాటలన్నీ నేనే వాడేసుకుంటాను కాబట్టి ఆవిడకు మిగలవని అన్నయ్య అంటాడు. చాలా ఏళ్ళుగా ఆవిడను కిటికీ వెనక కూర్చోబెట్టి మాత్రలు ఇప్పిస్తున్నారు. ఆవిడకేమో ఇళ్ళకు వెళ్ళి మంచంలో ఉన్నవాళ్ళను చూసుకోవాలని ఎప్పటినుంచో కోరిక. కట్టు మార్చాలి, ఒళ్ళు తుడవాలి, ఇంజెక్షన్ ఇవ్వాలి, వాళ్ళు చెప్పేది కాసేపు వినాలి. "మాత్రలు ఇవ్వడానికి నేనెందుకు, కిటికీ చాలు" అని ఒకసారి నాతో అంది. వదిన నోటి నుంచి అంత పెద్ద వాక్యం రావడం నేనెరిగి అదే మొదలు.

ఊరి చివర కొండమీది కాలనీ చూసుకునే నర్సు బదిలీ మీద వెళ్ళిపోయింది. వదిన ఆ పని తనకివ్వమని అడిగింది. డాక్టరమ్మ ఆవిడను కింది నుంచి పైదాకా చూసిందట. "బస్సు సగం కొండ దాకే వెళ్తుంది. మిగతాదంతా ఎక్కడం, దిగడం. ఈ వయసులో మీవల్ల అవుతుందా?" అందట.

"సైకిల్ మీద వెళ్తాను మేడమ్" అంది వదిన.

"సరే, సోమవారం నుంచి వెళ్ళండి. కుదరకపోతే స్కూటరున్న అమ్మాయిని వేస్తాను, ఏమనుకోకండి."

అలా కొన్నది ఆ సైకిల్. నర్సు ట్రైనింగు రోజుల్లో రోజూ సైకిల్ తొక్కిన కాళ్ళు వదినవి, అవి మర్చిపోలేదు. కొండ ఎక్కడానికి గేర్లున్నది, దిగడానికి గట్టి బ్రేకులున్నది తీసుకుంది. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. చక్రం మధ్యన పళ్ళెంలాంటి ఇనప డిస్కు ఉంటుంది. దానికి అటూ ఇటూ రెండు చిన్న ప్యాడ్లు ఓ పెట్టెలో కూర్చుని ఉంటాయి. హ్యాండిల్ దగ్గర పిడి నొక్కితే గొట్టంలో ఉన్న నూనె వెళ్ళి వాటిని తోస్తుంది, అవి డిస్కును రెండు వైపులా నొక్కి పట్టుకుంటాయి. తీగ లేదు, లాగుడు లేదు.

గొట్టంలో నూనె ఉంటుందని షాపాయన చెప్పగానే అన్నయ్య మొహం వెలిగిపోయింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

శుక్రవారం సాయంత్రం సైకిల్ ఇంటికొచ్చింది. మా మెట్లు ఇరుకు, మధ్యలో ఓ మలుపు. హ్యాండిల్ తిరగక ముందు చక్రం ఊడదీసి పైకి చేర్చాడు అన్నయ్య. అంతవరకు బాగానే ఉంది. ఈలోగా ఎదురు దుకాణం టైలరు సైకిల్ చూడ్డానికి మెట్లెక్కి వచ్చాడు. చక్రం గోడకు ఆనించి ఉంది, సైకిల్ తలకిందులుగా ఉంది, అన్నయ్య పిడి పట్టుకుని, "చూడవయ్యా, ఇలా నొక్కితే ఎలా మూసుకుంటాయో!" అని నొక్కాడు. టైలరు "అబ్బో" అన్నాడు. ఇంకోసారి నొక్కాడు. టైలరు ఇంకో "అబ్బో" అన్నాడు. మెచ్చుకునేవాడు దొరికితే మావాడికి పూనకమొస్తుంది. టైలరు మెట్లు దిగేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత చక్రం పెట్టబోతే ప్యాడ్ల మధ్య డిస్కు దూరలేదు. రెండూ దగ్గరకొచ్చి కూర్చున్నాయి. "కొత్తది కదా, బిగువుగా ఉంటుంది" అని మోకాలు ఆనించి మరీ ఎక్కించాడు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఇంకేం, చక్రం తిప్పితే కిస్స్... కిస్స్... కిస్స్... పామును పెట్టెలో పెట్టినట్టు.

వదిన చక్రం వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. "రేపు షాపుకు తీసుకెళ్దాం" అంది.

"షాపెందుకు? నేను చచ్చానా? దారం కంటే సన్నటి సందులు చూసినవాణ్ణి. ఈ కిస్సు కిస్సుకు షాపు గుమ్మం ఎక్కనా?"

"సోమవారం నాకు కొండ ఉందండీ."

"సోమవారం కల్లా పిల్లిలా నడుస్తుంది. చూస్తూండు."

నాకు అక్కడే ఒళ్ళు మండింది. కానీ ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య నేను దూరితే చివరికి ఇద్దరూ కలిసి నన్నే అంటారు. నోరు నొక్కుకున్నాను. నాలాంటిదానికి అదెంత కష్టమో మీకు తెలీదు.

శనివారం వదిన డ్యూటీకి వెళ్ళింది. అన్నయ్య పక్క వాటా తలుపు కొట్టి, "పిల్లా, ఓసారి రా, హ్యాండిల్ పట్టుకో" అన్నాడు. జుట్టంతా నెరిసినా తన దగ్గర నేనింకా పిల్లనే. వెళ్ళి పట్టుకున్నాను. చక్రం తిప్పాడు. కిస్స్. తల వాల్చాడు, కళ్ళు సగం మూశాడు. ఇంక ఆ చెయ్యి జేబులోకి పోవడం నేను చూస్తూనే ఉన్నాను.

"అన్నయ్యా, బ్రేకుకు నూనెందుకు?"

"లోపల ఏముంది?"

"ఏముంది?"

"నూనె! కంపెనీవాడే గొట్టం నిండా పోశాడు. లోపల అంత నూనె ఉన్నదానికి బయట ఒక చుక్క పడితే తప్పా? నువ్వు పిల్లలకు ఎక్కాలు చెప్పుకో."

కాదనడానికి నాకేం తెలుసు? పైగా ఆ మాటలో ఏదో న్యాయం ఉన్నట్టే అనిపించింది. మావాడి మాటల్లో ఉన్న ప్రమాదమే అది. డిస్కుకు అటొక చుక్క, ఇటొక చుక్క. చక్రం తిప్పాడు. శబ్దం లేదు. పిల్లి కాదు, పిల్లి నీడలా తిరిగింది. "వెనకది మాత్రం పాపం ఏం చేసింది" అని దానికీ అటూ ఇటూ పోశాడు. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, పాట కచేరీ విన్నట్టు ఆ నిశ్శబ్దాన్ని విన్నాడు.

సాయంత్రం వదిన వచ్చింది. "ఒకసారి తొక్కి చూడు" అని సైకిల్ కిందికి దించి పెళ్ళాం చేతికిచ్చాడు. మా వీధి చివరకు కొంచెం వాలుగా ఉంటుంది. వదిన ఎక్కింది. మా గేటు ముందు నుంచి నిటారుగా, చక్కగా వెళ్ళింది. నాకు ముచ్చటేసింది. "వదినా, బెల్ కొట్టు!" అని అరిచాను. బెల్ కొట్టింది. టైలరు దుకాణం దాటింది. అక్కడ ఆగి వెనక్కి తిరగాలి. ఆగలేదు. మందుల దుకాణం కూడా దాటేసింది.

"చాలా దూరం వెళ్తోందేంటి?" అన్నాడు అన్నయ్య.

వీధి చివర ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు ఇసుక పోసుకున్నారు. వదిన రెండు కాళ్ళూ నేలకు రాస్తూ వెళ్ళి ఆ ఇసుకలో ఆగింది. ఆవిడ కాదు, ఇసుక ఆపింది. మేం పరిగెత్తాం. దెబ్బలేం లేవు. చెప్పుల్నిండా ఇసుక, మొహం మాత్రం తెల్లబోయి ఉంది. మాట్లాడకుండా సైకిల్ నడిపించుకుంటూ ఇంటికొచ్చింది. గేటు దగ్గర ఆగి డిస్కు మీద వేలు పెట్టి రాసింది. ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆవిడకు తెలియకపోవడమా? పెళ్ళైన నాటి నుంచి దిండ్లకు కూడా అదే వాసన.

"ఏం చేశారు?" అంది.

అన్నయ్య నేల వైపు చూశాడు. "కొంచెం... బిగించాను."

నా నోట్లో నువ్వుగింజ నానదు. "చుక్క వేశాడు వదినా! అటూ ఇటూ! వెనక దానికి కూడా!"

"నువ్వుండవే!"

"ఎందుకుండాలి? హ్యాండిల్ పట్టుకున్నది నేను! ఇసుక లేకపోతే వదిన ఇప్పటికి పక్క ఊళ్ళో ఉండేది!"

వదిన చెయ్యి ఎత్తింది. నేను ఆగిపోయాను. ఆవిడ మొగుడి వైపు తిరిగి చాలా మెల్లగా అడిగింది.

"ఇది వీధి. అది కొండయి ఉంటే?"

ఆ కొండ రోడ్డు మాకు తెలుసు. ఒక మలుపు దగ్గర రోడ్డు పక్కన గోడ లేదు, ఇసుకా లేదు.

"సోమవారం వెళ్ళనని డాక్టరమ్మకు చెప్పేస్తాను. స్కూటరమ్మాయే వెళ్తుంది" అని వదిన మెట్లెక్కి వెళ్ళిపోయింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా అన్నయ్య కోసమే పుట్టిన సామెత. కానీ ఆ సాయంత్రం ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. మెట్ల మీద కూర్చుని నూనె డబ్బాను అటూ ఇటూ తిప్పుతూ ఉన్నాడు. ఇంట్లో ఫ్యాను టిక్కు టిక్కుమంటూనే ఉంది. తల ఎత్తలేదు.

తెల్లవారి ఆదివారం. షాపు పొద్దున పూట తెరుస్తారు. అన్నయ్య సైకిల్ నడిపించుకుంటూ బయల్దేరబోతుంటే వదిన వంటింట్లోంచి అంది, "టీచరమ్మా, మీరు కూడా వెళ్ళండి. ఆయన ఒక్కరే వెళ్తే సగం విని, మిగతా సగం ఆయనే వాళ్ళకు చెప్పొస్తారు."

షాపు నిండా సైకిళ్ళు, మనుషులు. షాపాయన చేతికి గ్రీజు, నోటికి తీరిక లేదు. అన్నయ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు, "ఈ డిస్కులో కొంచెం మెకానికల్ సమస్య ఉన్నట్టుంది..."

షాపాయన వంగి ఒకసారి చూశాడు. "చక్రం తీసి పిడి నొక్కారా?"

"ఒకసారి..."

"టైలరు ఉన్నంతసేపూ" అన్నాను నేను.

షాపాయన డిస్కును తుడిచిన గుడ్డ వాసన చూశాడు. షాపు లోపలికి తిరిగి, "ఒరేయ్, బ్రేకుకు నూనె పోసినాయన వచ్చారు, చూద్దురు రండి!" అని అరిచాడు. లోపల నుంచి ఇద్దరు తలలు బయటపెట్టారు. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. ప్రతి చప్పుడు వెనకా పరిగెత్తే ఆ చెవులకు మొట్టమొదటి శిక్ష అది.

"లోపలుంది నూనే కదండీ" అన్నాడు చిన్నగా.

"లోపలున్నది తోయడానికి సార్. బయట కావాల్సింది పట్టుకోవడానికి. పట్టుకోవాల్సిన చేతికి నూనె రాస్తే జారదా?" అని షాపాయన నా వైపు చూశాడు, "ఈయన మీ ఆయనా అమ్మా?"

"అన్నయ్య" అన్నాను. "మార్చుకునే వీల్లేదు."

ఆ నూనె ప్యాడ్లు పీల్చుకున్నాయనీ, ఎంత తుడిచినా ఇక అవి పనికి రావనీ చెప్పి, ముందుకీ వెనక్కీ కొత్త ప్యాడ్లు ఇచ్చాడు. "ఇప్పుడే బిగించండి" అని నేనంటే, "బుధవారం దాకా బల్ల ఖాళీ లేదు" అన్నాడు. చెయ్యాల్సింది మాత్రం చెప్పాడు, చెబుతూనే ఇంకెవరి సైకిల్‌కో గాలి కొట్టాడు. డిస్కును స్పిరిట్‌తో తుడవాలి. పెట్టెలో ప్యాడ్లను తోసే బుడిపెలు ముందుకొచ్చేశాయి, వాటిని నిదానంగా వెనక్కి నెట్టాలి. కొత్త ప్యాడ్లు పెట్టి, చక్రం ఎక్కించి, పెట్టె బోల్టులు రెండూ కొంచెం వదులు చేసి, పిడి నొక్కి పట్టుకుని, అలా పట్టుకునే బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. అన్నయ్య మూడుసార్లు "అదే నేనూ అనుకున్నాను" అన్నాడు. మూడుసార్లూ నేను కాలు తొక్కాను.

ఇంటికి రాగానే, "స్పిరిట్ ఎక్కడ దొరుకుతుంది?" అని తల పట్టుకున్నాడు అన్నయ్య. వదిన అలమారా తెరిచి సీసా తీసింది, దూది తీసింది, చేతి తొడుగుల పెట్టె కూడా తీసింది. పెళ్ళైనప్పటి నుంచీ ఆ సీసా అక్కడే ఉంది. తన జేబులో డబ్బా తప్ప ఇంట్లో ఇంకేం ఉన్నాయో మావాడు ఎప్పుడు చూశాడు కనుక?

"చేతులు కడుక్కోండి" అంది.

"కడిగానే."

"సబ్బుతో. మోచేతుల దాకా."

కడుక్కున్నాడు. ఆవిడ చేతులు చూసింది, గోళ్ళు చూసింది, మళ్ళీ పంపింది. వాటిలో ఎన్నేళ్ళ నూనె ఉందో! మూడోసారికి ఒప్పుకుని తొడుగులు వేసింది. జేబు వైపు చూసి చెయ్యి చాపింది. అన్నయ్య అర్థం కానట్టు నిలబడ్డాడు. చెయ్యి అలాగే చాచి ఉంచింది. నూనె డబ్బా ఆ చేతిలోకి వెళ్ళింది. అక్కడి నుంచి అలమారాలోకి వెళ్ళింది. తాళం పడింది. తాళంచెవి ఆవిడ మెళ్ళోకి వెళ్ళింది.

అలా మొదలైంది ఆపరేషన్. సైకిల్ తలకిందులుగా, నేను దాన్ని పట్టుకుని. వదిన స్పిరిట్ దూదితో డిస్కును తుడిచింది. నల్లగా వచ్చిన దూదిని పక్కన పడేసింది, మళ్ళీ కొత్తది తీసుకుంది. పుండు కడిగినట్టే. దూది తెల్లగా వచ్చేదాకా వదల్లేదు. పెట్టెలు కూడా తుడిచింది. పాత ప్యాడ్లను తనే పట్టకారుతో పట్టుకుని చెత్తబుట్టలో వేసింది.

బుడిపెల్ని వెనక్కి నెట్టడానికి అన్నయ్య స్క్రూడ్రైవర్ అందుకోబోయాడు. "గీతలు పడతాయన్నాడు షాపాయన, వింటున్నావా?" అని నేను అరిచి, నా వాటాలోంచి చెక్క స్కేలు తెచ్చాను. ఎన్నో చేతుల మీద ఆడిన స్కేలు అది, ఈ పనికి కూడా వచ్చింది. దాన్ని ఓ పక్క ఆనించి మెల్లగా తోశాడు. రెండోది మొండికేసింది. అన్నయ్య దానితో మాట్లాడ్డం మొదలుపెట్టాడు, "వెళ్ళమ్మా, వెళ్ళు, ఎవరూ ఏమనరు." చివరికి వెళ్ళింది. వెనక చక్రానికీ అంతే.

కొత్త ప్యాడ్లు పెట్టి, చక్రం ఎక్కించి, పిడి నన్ను నొక్కమని, బోల్టులు బిగించాడు. చక్రం తిప్పాడు. కిస్స్.

"మళ్ళీ" అన్నాడు. వదులు చేశాడు. నొక్కాను. బిగించాడు. కిస్స్.

మళ్ళీ. కిస్స్. మళ్ళీ. కిస్స్. నా వేళ్ళు పట్టేశాయి. "అన్నయ్యా, నన్ను ఇలాగే పాతిపెట్టు, పిడి నొక్కి పట్టుకున్న చేత్తోనే" అన్నాను. వదిన నవ్వలేదు. గుమ్మంలో నిలబడి గడియారం వైపు చూసింది, తర్వాత ఫోన్ వైపు చూసింది. డాక్టరమ్మకు ఇంకా చెప్పలేదని అప్పుడర్థమైంది నాకు. అన్నయ్యకూ అర్థమైంది. నా చేతిలోంచి పిడి లాక్కుని తనే కట్టు కట్టాడు, నా పాత రిబ్బను ఒకటి చుట్టి. హాయిగా నొక్కుకుని ఉండిపోయింది. ఈ పని మొదట్లోనే చేసి ఉంటే! అననా వద్దా అనుకుని, అనేశాను. వినిపించుకోలేదు.

అప్పుడు మా అన్నయ్య అసలు మనిషి బయటికొచ్చాడు. తల వాల్చలేదు, కళ్ళు మూయలేదు. నేల మీద బోర్లా పడుకుని, డిస్కు వెనక ఒక తెల్ల కాగితం పట్టుకోమని నాకిచ్చాడు. మిషన్లో సూదికీ కొక్కేనికీ మధ్య సందు అలాగే చూస్తాడట, వెనక తెలుపు పెట్టి. రిబ్బను విప్పి చూస్తే ఒక పక్క వెలుతురు గీత ఉంది, ఇంకో పక్క లేదు. "బోల్టు బిగిస్తుంటే పెట్టె మెలిక తిరిగి ఇటు జరుగుతోంది. ఒకటే బిగించేస్తున్నాను, అందుకు" అని గొణిగాడు. ఈసారి కింది బోల్టు కొంచెం, పై బోల్టు కొంచెం, మళ్ళీ కిందిది ఇంకొంచెం, పెట్టెను ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని. రిబ్బను విప్పాడు. చక్రం తిప్పాడు. రెండు పక్కలా రెండు వెలుతురు గీతలు. ఒకే ఒక చోట మాత్రం, తిరిగొచ్చినప్పుడల్లా చిన్న 'కిస్'. డిస్కు అక్కడ ఓ వెంట్రుకవాసి వంగింది. శుక్రవారం మోకాలితో ఎక్కించిన పుణ్యం. శుభ్రమైన గుడ్డ పెట్టి, వేళ్ళతో నొక్కి నొక్కి చూసి, దాన్ని కూడా సరిచేశాడు.

శబ్దం ఆగింది. అన్నయ్య అలవాటుగా జేబు తడుముకున్నాడు. ఖాళీ.

"అయిపోయింది" అన్నాడు వదినతో. "రేపు నువ్వు..."

"ముందు మీరు" అంది వదిన.

"నేనా?"

"కొండ మీద నుంచి ముందు మీరు దిగండి."

అది తమాషాకు అన్న మాట కాదు. కొత్త ప్యాడ్లు వెంటనే పట్టవనీ, కాస్త వేగంగా వెళ్ళి మెల్లగా నొక్కడం చాలాసార్లు చేస్తేనే అలవాటు పడతాయనీ షాపాయన చెప్పాడని నేనే కదా గుర్తు చేసింది! అందుకని ముందు మా వీధిలోనే మొదలుపెట్టించింది. అన్నయ్య సైకిల్ ఎక్కి ఎన్ని ఏళ్ళైందో తెలీదు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు తొక్కడం, నొక్కడం, తిరగడం. జనం బయటికొచ్చారు. టైలరు కత్తెర చేత్తో పట్టుకునే వచ్చాడు.

"చుక్క గారూ, ఏంటి, ఉద్యోగం మారారా?"

"నోర్ముయ్యవయ్యా! అంతా నీ అబ్బోల వల్లే!"

ఆయాసపడుతూ అరుస్తూంటే ఆ అరుపు సగం దారిలో ఆగిపోయింది, బ్రేకు కూడా అప్పుడే గట్టిగా పట్టింది. ఇంకొంచెంలో హ్యాండిల్ మీదుగా దూకేవాడే. "పట్టుకుంటోంది!" అన్నాడు, ఆనందంగా, భయంగా.

తర్వాత కొండ. నడిపించుకుంటూ ఎక్కాడు, తోస్తూ, ఆగుతూ, చొక్కా తడిసిపోయి. వదినా నేనూ గోడ లేని ఆ మలుపుకు కొంచెం కింద నిలబడ్డాం. ఎండ దిగుతోంది. పైనెక్కడో సైకిల్ కనిపించింది. వదిన చెయ్యి నా చేతిని పట్టుకుంది. ఆవిడ చేతికి ఇంకా స్పిరిట్ వాసన. ఆ క్షణంలో నాకు అన్నయ్య మీద ఉన్న కోపమంతా ఏమైపోయిందో తెలీదు. ఆగు, ఆగు, ఆగు అనుకుంటూ ఉన్నాను.

మలుపుకు ముందే వేగం తగ్గింది. మలుపులో ఇంకా తగ్గింది. మా ముందుకొచ్చి, ఎవరో చేత్తో పట్టుకుని ఆపినట్టు ఆగాడు. కాలు కింద పెట్టి, "చూశావా?" అనబోయి, ఊపిరి అందక, ఉత్తి నోరు మాత్రం తెరిచాడు.

వదిన హ్యాండిల్ తీసుకుంది. ఎక్కి పైకి వెళ్ళింది, గేర్లు మారుస్తూ, నిటారుగా. ఆ మలుపు కింద అన్నయ్య తల ఓ పక్కకు వాల్చి, వింటూ నిలబడ్డాడు. కొంచెంసేపటికి పై నుంచి దిగొచ్చింది, మలుపు తిరిగింది, మా పక్కన ఆగింది.

"రేపు వెళ్తాను" అంది.

"ముందు చక్రం ఎడమ వైపు కొంచెం శబ్దం..." అన్నాడు అన్నయ్య.

"ఏం రాలేదు."

"వచ్చిందే, చాలా చిన్నగా. మలుపులో..."

"వస్తే రానివ్వండి. ఆగుతోంది కదా" అని వదిన బెల్ కొట్టి ముందుకెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆవిడ రోజూ కొండ ఎక్కుతోంది, దిగుతోంది. స్కూటరమ్మాయిని కిటికీ వెనక కూర్చోబెట్టారట. అన్నయ్యకు నూనె డబ్బా దుకాణం తెరిచేటప్పుడు ఇస్తుంది, మూసేటప్పుడు తీసుకుంటుంది. అలమారాలో పెట్టి తాళం వేస్తుంది.

ఆ అలమారా తలుపు ఈమధ్య కీ...చ్ మంటోంది. వదిన స్పిరిట్ సీసా కోసం తెరిచినప్పుడల్లా అంటుంది, మూసినప్పుడల్లా అంటుంది. నేను ఏదో చాలా ముఖ్యమైన సంగతి చెబుతూనే ఉంటాను. అన్నయ్య తల వాల్చి, కళ్ళు సగం మూసి, వేలెత్తి, జేబు తడుముకుంటాడు.

"వదిలేయండి" అంటుంది వదిన లోపల నుంచి.